చిన్నమ్మలు పెట్టిన మందు

కాలవకి ఈవలి వీధిలో పుట్టి, వంతెన దాటి ఆవలి వీధికి పాకి, కాట్రేనికోన సంత దాకా వెళ్ళి మళ్ళీ ఊళ్ళోకే తిరిగొచ్చిన మాట ఒకటుంది. చిన్నమ్మలు నారాయణమూర్తి గారికి మందు పెట్టింది అని. తమాషా ఏమిటంటే ఆ మాటలో ఒక్క అక్షరమూ అబద్ధం కాదు. విన్నవాళ్ళు పట్టుకున్న అర్థం మాత్రం మొదటి నుంచి చివరిదాకా అబద్ధమే. ఏది ముందు జరిగిందో, ఏది తర్వాత జరిగిందో వరసగా చెప్పుకుంటే తప్ప ఈ చిక్కు విడదు. అంతమంది అన్ని రకాలుగా చెప్పుకున్నాక ఒక్కసారైనా సరిగ్గా చెప్పుకోవడం న్యాయం కదా.

మన వైపు మందు అనే మాట ఎన్నో ఇళ్ళల్లో కాపురం చేస్తుంది. జ్వరానికి మింగేదీ మందే. సాయంత్రం పూట కొందరు మగవాళ్ళు వంతెన కింద కూర్చుని తాగేదీ మందే. చేలో జల్లే యూరియా బస్తానీ మందు కట్ట అనే అంటాం. వీటిలో దేనికీ ఎవరూ ఉలిక్కిపడరు. అదే మాట పక్కన ‘పెట్టింది’ అనే మాట వచ్చి కూర్చుందా, ఆడవాళ్ళు గొంతు తగ్గిస్తారు, మగవాళ్ళు తమ కంచం వంక ఒకసారి చూసుకుంటారు. పెట్టుడు మందంటే కూరలోనో కాఫీలోనో కలిపి మగవాణ్ణి కొంగుకి కట్టేసుకునేది. అది ఎలా ఉంటుందో చూసినవాళ్ళు లేరు. అది తిన్న మనిషిని కళ్ళారా చూశామనే వాళ్ళు మాత్రం వీధికి నలుగురుంటారు.

చిన్నమ్మలుకి యాభై దాటాయి. మనిషి పొట్టి, చెయ్యి పెద్దది, నవ్వితే పక్కింటికి వినబడుతుంది. భర్త రాఘవులు కువైట్‌లో ఒక షేకు ఇంట్లో డ్రైవరు. పిల్లలు పెళ్ళిళ్ళయి ఎవరి ఊళ్ళో వాళ్ళున్నారు. ఇంట్లో ఒక్కత్తే కూర్చోలేక ఊరి చివర పీచు ఫ్యాక్టరీలో పనికి వెళ్తుంది. కొబ్బరి డొక్కల్ని నానబెట్టి మిషనులో వేస్తే ఒక పక్క పీచు వస్తుంది, ఇంకో పక్క పొట్టు రాలుతుంది. పీచు కోసం లారీ వచ్చి నిలబడుతుంది. పొట్టు కోసం ఎవరూ రారు. అది ఎర్రటి దిబ్బగా పెరిగిపోయి, వానొస్తే టీ డికాషన్ లాంటి నీళ్ళు కారుస్తుంది, ఎండొస్తే గాలికి లేచి వీధివీధంతా ఆరేసిన బట్టల మీద వాలుతుంది. ఆ దిబ్బని తిట్టుకోని ఇల్లాలు ఊళ్ళో లేదు. చిన్నమ్మలు కూడా తిట్టింది, చాలా ఏళ్ళు.

ఒక మే నెలలో చెవిపోగు జారి దిబ్బలో పడితే, వెతుకుతూ మోచెయ్యి దాకా చెయ్యి పెట్టింది. పైన ఎండకి పేలిపోతున్న పొట్టు లోపల చల్లగా, తడిగా ఉంది. ఎప్పుడో ఫాల్గుణంలో పడ్డ వాన అది. పోగు దొరికింది కానీ చిన్నమ్మలు వెంటనే లేవలేదు. గుప్పెడు పొట్టు తీసి పిండింది. నీళ్ళు కారాయి. మళ్ళీ పిండింది. ఇంకా కారాయి.

“ఇదేంటే, దీనికి కడుపు నిండా దాహమే,” అంది పక్కనున్న మనిషితో.

ఆ మాట రైతు సేవా కేంద్రంలో పనిచేసే నిర్మల చెవిన పడింది. నిర్మల వ్యవసాయం చదువుకున్న పిల్ల, స్కూటీ మీద తిరుగుతుంది, రైతులు వినకపోయినా చెప్పిందే చెప్పే ఓపిక ఉన్న పిల్ల. ఒకరోజు ఫ్యాక్టరీ గేటు దగ్గర బండి ఆపి, చిన్నమ్మలుని పిలిచి చెప్పింది.

“మన ఇసక నేలలో మందు జల్లితే నిలవదు పిన్నిగారూ. ఒక్క వానకి సగం మురుక్కాలవలోకి పోతుంది. చెట్టు నోరు తెరిచేలోపు కంచం ఖాళీ. ఈ పొట్టుని కడిగి, కుళ్ళబెట్టి, అందులో బలం పట్టించి ఉండలు కట్టి నేలలో పెడితే ఇది పట్టుకుని కూర్చుంటుంది. కొంచెం కొంచెంగా వదులుతుంది. రైసు మిల్లు ఊక బూడిద, రొయ్యల షెడ్డులో పారేసే తలకాయలూ పెంకులూ, వేప పిండి, కాస్త బంకమట్టి. అన్నీ ఎవరో ఒకరు పారబోసేవే.”

“జల్లకూడదా మరి?”

“జల్లకూడదు. పెట్టాలి. చెట్టు మొదలుకి బారెడు దూరంలో చుట్టూ గుంటలు తీసి పెట్టాలి.”

మాట మారింది ఇక్కడే. ఊరంతా జల్లే మందు చిన్నమ్మలు చేతిలో పెట్టే మందయింది. ఆ సంగతి అప్పుడు ఎవరూ గమనించలేదు.

నేర్చుకున్నంత మాత్రాన సరిపోదు, పెట్టడానికి చెట్లు కావాలి. చిన్నమ్మలుకి ఇంటి వెనక రెండు అరటి చెట్లు తప్ప ఏమీ లేవు. ఊళ్ళో నారాయణమూర్తి గారికి సముద్రం వైపు ఒక మెరక కొబ్బరి తోట ఉంది. అంతా ఇసక. కాయ నిమ్మకాయంతైనా కాకుండానే పిందె రాలిపోతుంది. దింపు తీసే దానం, అంటే చెట్టెక్కి కాయలు దింపేవాడు, ఆ తోటకి రమ్మంటే ఒళ్ళు నొప్పులంటాడు. కౌలుకి అడిగేవాళ్ళు లేక, చెట్లు కొట్టించి రొయ్యల చెరువు తవ్వించెయ్యమని అమలాపురంలో ఉన్న చెల్లెలు ఉమాదేవి గారు పోరుతోంది. నారాయణమూర్తి గారు భార్య పోయినప్పటి నుంచి ఏ విషయమూ గట్టిగా అవుననరు, కాదనరు. చిన్నమ్మలు వెళ్ళి తోట అడిగితే చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు.

“ఆ చెట్లు మా నాన్నగారు వేసినవి. కొట్టించాలంటే చెయ్యి రావట్లేదు. రెండేళ్ళు చూడు చిన్నమ్మలూ. పిందె నిలబడితే తోట నీ చేతిలోనే ఉంచుతాను. లేదంటే మా ఉమ చెప్పినట్టే చెరువు.”

కాగితం లేదు, సాక్షి లేదు, మాట మీద తోట. ఇన్నేళ్ళూ ఎవరో దింపిన కాయల డొక్కలు కొట్టిన చిన్నమ్మలుకి మొదటిసారి తలెత్తి చూసుకోవడానికి చెట్లు దొరికాయి. అవి నిలబడితే తనూ నిలబడుతుంది. లేకపోతే వాటి బదులు ఉప్పు నీళ్ళు నిలబడతాయి.

తొందర పడింది. అదే మొదటి తప్పు. రొయ్య పెంకుల్ని పొట్టు దిబ్బలో కప్పెట్టి, వాసన పూర్తిగా చచ్చేదాకా ఆగమని నిర్మల చెప్పింది. ఇదిగో తొలకరి వచ్చేస్తోందని చిన్నమ్మలు ఎండబెట్టిన పెంకుల్ని దంచేసి అలాగే కలిపేసింది. పెరట్లో కూర్చుని సున్నుండలంత ఉండలు చుట్టింది. బూడిద రంగు, పైన వేప వాసన, లోపల్నుంచి వెంట్రుకల్లా తొంగిచూసే పీచు. తట్టలకెత్తి తోటకి తీసుకెళ్ళి చెట్టు చెట్టుకీ చుట్టూ పెట్టి, మట్టి కప్పి, ఇంటికొచ్చి తలంటుకుని హాయిగా పడుకుంది.

ఊరి కుక్కలకి ఆ రోజు పండగ. రొయ్య వాసన పట్టుకుని తోటంతా తవ్వేశాయి. తిన్నవి తినగా, వేప చేదు తగిలినవాటిని నోట కరుచుకుని ఊళ్ళోకి తెచ్చి ఎక్కడపడితే అక్కడ వదిలేశాయి. ఒకటి బుచ్చమ్మ గుమ్మంలో పడింది.

బుచ్చమ్మ చిన్నమ్మలు పక్కింటావిడ. వరసకి వదినగారు. రోజూ పొద్దున్న వచ్చి కాఫీ తాగి ఊళ్ళో సంగతులన్నీ దించిపోయే మనిషి. ముగ్గు వెయ్యడానికి తలుపు తీసేసరికి గడప ముందు బూడిద ఉండ, దాన్నిండా వెంట్రుకలు. పైగా అది శుక్రవారం. చీపురుతో ముట్టుకోవడానికి కూడా భయపడి, పొడుగాటి కర్రతో కాలవలోకి నెట్టి, గడప మీద పసుపు నీళ్ళు జల్లింది.

“చిల్లంగి! ఎవరో మన వీధికి చేతబడి చేసేరర్రా!” అని నాలుగిళ్ళకి చెప్పింది. చిన్నమ్మలు ఇంటికి మాత్రం చెప్పలేదు, ఆ వేళకి చిన్నమ్మలు తోటలో గుంటలు చూసి నెత్తి కొట్టుకుంటోంది.

నిర్మల వచ్చి చూసి నవ్వు ఆపుకుంది. “చెప్పేను కదండీ పిన్నిగారూ, ఆగమని.”

“ఆగితే వాన ఆగుద్దా అమ్మా?”

“ఈ ఉండ పనే ఆగి ఆగి చెయ్యడం. కట్టే మనిషి కూడా ఆగాలి.”

రెండోసారి చిన్నమ్మలు ఆగింది. పెంకుల్ని పొట్టులో కప్పెట్టి, తడుపుతూ, తిరగేస్తూ, రోజూ గుప్పెడు తీసి వాసన చూస్తూ కూర్చుంది. రొయ్య వాసన పోయి అడవిలో తడిసిన నేల వాసన వచ్చాకే మళ్ళీ ఉండలు చుట్టింది. ఈసారి లోతుగా పెట్టింది. కుక్కలు వచ్చి, మూతి ఆనించి, వెళ్ళిపోయాయి. ఆ సంతోషంలో వెంటనే నిర్మలకి ఫోను చేసింది. తోటలో సిగ్నల్ అందదు. కాలవగట్టు ఎక్కి, ఒక చెవి మూసుకుని, గొంతెత్తి అరిచింది.

“అమ్మా! నారాయణమూర్తి గారికి మందు పెట్టేశానమ్మా! ... ఆయ్, అంతా పెట్టేశాను! ... ఈసారి కనిపెట్టలేవులే! ... తెలుసమ్మా, ఒక్కసారి పెడితే ఏడాది పొడుగునా లోపలికి దిగుతూనే ఉంటుంది కదా! ... లేదు లేదు, ఇంకెక్కడికీ పోలేదు, గట్టిగా పట్టేసింది!”

కనిపెట్టలేవన్నది కుక్కల గురించి. గట్టు కింద రేవులో బట్టలు ఉతుకుతున్న ఆడవాళ్ళ చేతుల్లో బట్టలు అలాగే ఆగిపోయాయి. వాళ్ళలో బుచ్చమ్మ ఉంది. గుమ్మంలో ఉండకీ, గట్టు మీద కేకకీ ఆవిడ మనసులో ముడి పడింది. భర్త కువైట్‌లో. ఈయనకి భార్య లేదు. ఎవరూ తీసుకోని తోట అడగ్గానే ఇచ్చేశారు. ఇంకేం కావాలి? సాయంత్రానికల్లా ఊరికి తెలిసింది.

నమ్మకం గట్టిపడడానికి నారాయణమూర్తి గారే సాయం చేశారు, తెలియకుండా. ఆయన అంతకుముందు వారమే అమలాపురం వెళ్ళి పళ్ళసెట్టు కట్టించుకున్నారు. కొత్త పళ్ళు చిగుళ్ళని కొరుకుతుంటే సరిగ్గా తినలేరు, ఆ సంగతి చెప్పుకోవడానికి సిగ్గు. శ్రావణంలో ఒక పెళ్ళి భోజనానికి వెళ్ళి ముద్ద మింగకుండా విస్తరి మడిచేశారు. పూతరేకులు పెట్టినా వద్దన్నారు. కోనసీమలో పూతరేకు వద్దన్న మనిషికి ఏదో అయిందని ఎవరైనా అనుకుంటారు. పైగా సాయంత్రమయ్యేసరికి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని తోట వైపు వెళ్ళడం మొదలుపెట్టారు. తండ్రి వేసిన చెట్లు ఏం చేస్తున్నాయో చూద్దామనే వెళ్ళేవారు. చెట్టు కింద నిలబడి తలెత్తి, కొత్త ఆకులు తొడిగే మొవ్వు వంక చూసేవారు. దూరం నుంచి చూసినవాళ్ళకి మాత్రం ఆకాశం వంక చూసి నిట్టూరుస్తున్నట్టే కనబడేది.

కార్తీకంలో ఉమాదేవి గారు అమలాపురం నుంచి, ఊళ్ళో ఆటో తోలే గణపతి బండిలో దిగింది. అన్నగారిని ఏమీ అడగలేదు, చిన్నమ్మలుని అసలే అడగలేదు. “గుడికి వెళ్దాం రా అన్నయ్యా” అని ఆటో ఎక్కించి, ఎక్కడో గోదావరి లంకలో పెట్టుడు మందు కక్కిస్తాడని పేరున్న ఒక మనిషి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ మనిషి ఏదో ఆకు పసరు గ్లాసుడు తాగించాడు. పాపం నారాయణమూర్తి గారు పేగులు తెగేలా కక్కారు. మందేమీ రాలేదు. పళ్ళసెట్టు వచ్చింది.

ఆటో గణపతి నోట్లో నువ్వుగింజ నానదు. ఊరు పగలబడి నవ్వింది. అంతటితో అయిపోవాల్సిందే కానీ, నవ్వడం ఆపాక బుచ్చమ్మ రేవులో తీర్పు చెప్పింది.

“కట్టించుకున్న పళ్ళే ఊడొచ్చేసినియ్యి గానీ మందు మాత్రం కదల్లేదు. చూసేరా, ఎంత గట్టి మందో!”

ఆ రోజు నుంచి నారాయణమూర్తి గారు పళ్ళూ పెట్టుకోలేదు, తోటకీ రాలేదు.

ఇంత జరుగుతున్నా చిన్నమ్మలుకి ఏమీ తెలియదు. ఎవరి గురించి మాటో వాళ్ళ చెవికే అది ఆఖరున చేరుతుంది. తెలిసిందల్లా ఒక్కటే, బుచ్చమ్మ కాఫీకి రావడం మానేసింది. పిలిస్తే, “సుగర్ వచ్చిందే చిన్నమ్మలూ, కాఫీ మానేశాను” అంది. అదే పూట ఎదురింటి అరుగు మీద కూర్చుని, పంచదార తక్కువైందని రెండోసారి వేయించుకుని మరీ తాగింది. పండక్కి బూరెలు వండి పంపితే ఇరుగూ పొరుగూ గిన్నెలు తుడిచి వెనక్కి ఇచ్చారు, బాగున్నాయన్నారు. మర్నాడు ఆ బూరెలు కాలవలో చేపలు తింటుంటే చిన్నమ్మలు చూసింది. తన చేతివంటకి ఏమొచ్చిందో అర్థం కాలేదు. తనే ఒకటి కొరికి చూసుకుంది. బాగానే ఉంది.

చివరికి ఊళ్ళో మాట కువైట్ మీదుగా చుట్టు తిరిగి ఇంటికొచ్చింది. బుచ్చమ్మ మేనల్లుడు అక్కడ రాఘవులు పక్క గదిలోనే ఉంటాడు. ఒక శుక్రవారం రాఘవులు వీడియో కాల్ చేశాడు. మొహం ఎప్పట్లా లేదు.

“ఏమే, నారాయణమూర్తి గారికి మందు పెట్టేవంట?”

చిన్నమ్మలు మొహం వెలిగిపోయింది. “ఆయ్, పెట్టేనండి! మీకెవరు చెప్పేరు?”

రాఘవులు ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకున్నాడు.

“ఎప్పుడు పెట్టేవు?”

“తొలకరప్పుడేనండి. మొదటిసారి పెట్టింది కుక్కలు తినేసినియ్యి.”

“కుక్కలేంటే?”

“రొయ్య వాసనకండీ. రెండోసారి మాత్రం బాగా పట్టింది. మీరు చూడాలి, ఎంత నిగనిగలాడతా ఉందో కొత్త మొవ్వు!”

“మొవ్వా?” అన్నాడు రాఘవులు. “ఎవరికే మొవ్వు? నువ్వు పెట్టింది చెట్లకా?”

“మరి మనుషులకి పెడతారా?” అనేసింది చిన్నమ్మలు. అన్నాక ఆ మాట తన చెవినే పడి ఆగిపోయింది. కాఫీ, బూరెలు, నారాయణమూర్తి గారు తోటకి రావడం మానెయ్యడం, అన్నీ ఒక్కొక్కటే వచ్చి కళ్ళ ముందు నిలబడ్డాయి. మెల్లిగా మంచం మీద కూర్చుంది.

రాఘవులు నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గొచ్చేదాకా నవ్వి, కళ్ళు తుడుచుకున్నాడు. “రెండ్రోజుల్నుంచి అన్నం సయించలేదే నాకు. బుర్ర లేనోణ్ణి. నీకు నిజంగా ఆ మందు చేతనైతే ముందు నాకే పెట్టేదానివి కదా. నేను ఇక్కడికొచ్చి ఒంటెలకి దారిచ్చుకుంటూ కారు తోలుతానా?”

చిన్నమ్మలు కూడా నవ్వింది కానీ, పక్కింటికి వినబడేంత నవ్వు కాదు.

నిర్మలకి తెలిసి గింజుకుంది. “మీటింగు పెడతాను పిన్నిగారూ. అందరికీ చెప్తాను. ఉండ విరిచి చూపిస్తాను.”

“వద్దమ్మా,” అంది చిన్నమ్మలు. “నేను పెట్టలేదండీ అని ఇల్లిల్లూ తిరిగితే, పెట్టినోళ్ళూ అదే అంటారంటారు. నన్ను ఎవరైనా ఎదురుగా అడిగితే కదా చెప్పడానికి? ఒక్కళ్ళు అడగలేదు. చెట్లనే చెప్పనీ.”

చెట్లు చెప్పడానికి చాలా కాలం పడుతుంది, అదే దానితో చిక్కు. పుకారు ఒక పూటలో ఊరు తిరుగుతుంది, కొబ్బరి పిందె నిలబడిందో లేదో తేలాలంటే నెలలు కావాలి. ఇంతలో ఉగాది వెళ్ళింది. గణపతి చేత ఉమాదేవి గారు కబురు పంపింది. ఈ దింపు తీయించుకుని తోట వదిలెయ్యాలి, వేసవిలోనే చెరువు తవ్వడానికి మిషను వస్తుంది అని. చిన్నమ్మలు నారాయణమూర్తి గారింటికి వెళ్ళింది. ఆయన బయటికి రాలేదు. తలుపు చాటు నుంచే మాట్లాడారు, పళ్ళు లేక మాట జారిపోతోంది.

“రెండేళ్ళన్నాను, ఏడాదికే మాట తప్పుతున్నాను. ఉమ ఊరుకోవట్లేదు చిన్నమ్మలూ. నాకూ ఊళ్ళో తలెత్తుకోవడానికి లేకుండా ఉంది.”

“మీరేం చేసేరని అండీ తలెత్తుకోకపోవడానికి?”

తలుపు ఇంకాస్త దగ్గరికి పడింది. చిన్నమ్మలు ఇంకాసేపు నిలబడి, “దింపు రోజున ఒక్కసారి రండి. మీ నాన్నగారు వేసిన చెట్లు కదండీ” అని వచ్చేసింది.

దింపు రోజు ఎండ పొద్దున్నే గట్టిగా కాసింది. దానం కాళ్ళకి బంధం వేసుకుని మొదటి చెట్టెక్కాడు. ఈ తోటంటే వాడికి ఇష్టం లేదు, రానూ రానంటూనే ఎక్కాడు. మొవ్వు దగ్గరికి చేరాక చాలాసేపు చప్పుడు లేదు.

“ఏరా దానం, నిద్రపోయేవా?” అంది చిన్నమ్మలు కింద నుంచి.

“అక్కో! పోయినేడు ఇదే చెట్టెక్కితే చెయ్యి పెట్టడానికి గెల లేదు. ఇప్పుడు కాలు పెట్టడానికి చోటు లేదు. దింపే కాయ తక్కువే గానీ, పిందె చూడాలే నువ్వు! గెల గెలకీ అంటిపెట్టుకుని ఉంది. ఒక్కటి రాల్తే ఒట్టు!”

చిన్నమ్మలు నేల వంక చూసింది. పోయిన ఏడాది ఈ రోజుల్లో చెట్టు కింద నడిస్తే రాలిన పిందెలు కాలికి గుచ్చుకునేవి. ఇప్పుడు ఇసక శుభ్రంగా, ఊడ్చినట్టుంది.

అప్పుడే గణపతి ఆటో గట్టు దిగింది. ఉమాదేవి గారు గొడుగేసుకుని వచ్చింది. వెనకాల నారాయణమూర్తి గారు, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని. ఆటో వెళ్ళిన దారి చూసి బుచ్చమ్మ, ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కంచె దగ్గర చేరారు, కట్టెలేరుకునే వంకతో. దానం చెప్పిన మాట అందరికీ వినబడింది. ఉమాదేవి గారు తలెత్తి చూడలేదు.

“అవన్నీ తవ్వించెయ్,” అంది. “నువ్వు పెట్టిన ఆ ఉండలు. మిషను వచ్చేదాకా కూడా అవి మా అన్నయ్య నేలలో ఉండడానికి వీల్లేదు.”

“అలాగేనండి. ఎక్కడ పెట్టేనో నాకు తెలుసు. ముందు ఒకటి మీరే చూడండి,” అని చిన్నమ్మలు చిన్న గునపం ఆవిడ చేతికిచ్చి, చెట్టుకి బారెడు దూరంలో ఒక చోటు చూపించింది.

ఉమాదేవి గారు పల్లెలో పుట్టిన మనిషే, గునపం పట్టడం మరిచిపోలేదు. గొడుగు పక్కన పడేసి గొంతుక్కూర్చుని తవ్వింది. పైన ఇసక పొడిగా జారింది. జానెడు లోతుకి వెళ్ళేసరికి నేల రంగు మారింది, చేతికి చల్లగా తగిలింది. అక్కడ ఉండ ఉంది, కానీ పెట్టినప్పటి ఉండ కాదు. సగం కరిగి, మెత్తబడి, దాని చుట్టూ తెల్లటి లేత వేళ్ళు అల్లుకుని ఉన్నాయి. పసిపిల్ల వేళ్ళు అమ్మ కొంగు పట్టుకున్నట్టు నాలుగు పక్కల నుంచీ పట్టుకున్నాయి. ఆవిడ రెండు వేళ్ళతో పట్టి లాగింది. రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగింది. చెట్టుది కదా ఆ పట్టు, ఎలా వస్తుంది?

చెయ్యి వెనక్కి తీసి వాసన చూసుకుంది. తొలకరికి తడిసిన నేల వాసన.

“నాన్నగారి చెట్టే ఉమా,” అన్నారు నారాయణమూర్తి గారు తువ్వాల్లోంచి.

ఉమాదేవి గారు గుంటలోకి ఇంకోసారి వంగి చూసింది. తర్వాత అరచేత్తో మట్టి తోసి, వేళ్ళు ఎండకి తగలకుండా కప్పేసింది. పైన రెండుసార్లు తట్టింది కూడా. ఎవరూ చెప్పకుండానే.

లేచి చేతులు దులుపుకుంది. కంచె దగ్గరున్న ఆడవాళ్ళని ఒకసారి చూసింది. ఇంత దూరం వచ్చాక అడగకుండా వెళ్ళడం ఆవిడ వల్ల కాలేదు. ఏడాది పొడుగునా అందరూ అందరినీ అడిగి, ఆ ఒక్క మనిషినీ అడగని మాట.

“చిన్నమ్మలూ, సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పు. మా అన్నయ్యకి నువ్వు మందు పెట్టేవా, లేదా?”

చెట్టు మీద దానం కత్తి ఆగిపోయింది. కంచె దగ్గర బుచ్చమ్మ కట్టెల మోపు కిందికి దించింది. చిన్నమ్మలు కొంగుతో చెమట తుడుచుకుంది. కువైట్ నుంచి అదే ప్రశ్న వచ్చిన రోజున ఏమీ తెలియక చెప్పిన జవాబే, ఈసారి అంతా తెలిసి చెప్పింది, కంచె దాకా వినబడేలా.

“ఆయ్, పెట్టేనండి. ఇప్పుడు మీరు మట్టి కప్పింది కూడా అదేనండి. ఈ తొలకరికి మళ్ళీ పెట్టాలి, ఉండలు చుట్టడానికి చేతులు చాలట్లేదు. మీరూ ఓ చెయ్యి వేస్తారా?”